ఆన్‌లైన్‌లో కలిసి చదువుకునేచోట మన సాంస్కృతిక అస్తిత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ సాంస్కృతిక అస్తిత్వం అంటే ఏమిటి?

వేషం, పండుగ, జెండా అనుకుంటే చాలా భాగం వదిలేసినట్టే. కలిసి చదువుకునేటప్పుడు అది చిన్న చిన్న చోట్ల బయటపడుతుంది. పేరు ఏ వరసలో రాస్తాం, వయసులో పెద్దవాళ్లను ఎలా పిలుస్తాం, ఒప్పుకోని విషయాన్ని నోటితో చెబుతామా మౌనంతో తెలియజేస్తామా, ఏ భాషలో ఆలోచించి ఏ భాషలో రాస్తాం, ఒక పాఠం వివరించమంటే మొదట ఏ ఉదాహరణ గుర్తొస్తుంది, ఇవన్నీ అందులోవే.

మనిషికి తన గురించి ఉండే భావనలో కొంత భాగం తాను చెందిన సమూహాల నుంచి వస్తుందని హెన్రీ తాజ్‌ఫెల్, జాన్ టర్నర్ 1970ల్లో రూపొందించిన సామాజిక అస్తిత్వ సిద్ధాంతం చెబుతుంది. ఒక్కొక్కరికీ భాష, ప్రాంతం, మతం, వృత్తి, తరం అంటూ చాలా సమూహాలుంటాయి. వాటిలో ఏది ఎప్పుడు ముందుకు రావాలో ఆ మనిషే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తీసుకున్నందుకు ఎవరూ నష్టపోకుండా చూడటం బృందం పని. ఈ పేజీలోని జవాబులన్నింటికీ ఆధారం ఇదే.

చదువుకోవడానికి వచ్చాం. ఇదంతా అవసరమా?

అవసరమే, అదీ చదువు కోసమే. నేర్చుకోవడం అంటే ఒక సమాజంలో అంచుల నుంచి మొదలుపెట్టి క్రమంగా పూర్తి సభ్యులుగా మారడం అని జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వాదించారు. తన మాటతీరు, తన ఉదాహరణలు అక్కడ చెల్లవని అనిపించిన మనిషి అంచునే ఆగిపోతాడు. ఆన్‌లైన్ చదువు గురించి గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో ప్రతిపాదించిన నమూనాలో మూడు అంశాలున్నాయి: విషయంపై ఆలోచన, బోధన, సభ్యులు తమను తాము నిజమైన మనుషులుగా కనబరచుకోవడం. మూడోది లేనిచోట చర్చ "బాగుంది", "అంగీకరిస్తున్నాను" దగ్గరే ఆగుతుంది. కాదనడానికి అవతలి మనిషి మీద కొంత నమ్మకం కావాలి మరి.

ఇంకో కారణం ఉంది. తన సమూహం గురించి లోకంలో ఉన్న చులకన అభిప్రాయాన్ని తాను నిజం చేస్తానేమోనన్న భయం పరీక్షలో ఫలితాన్ని తగ్గించగలదని క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ 1995లో ప్రయోగాలతో చూపించారు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న చర్చ తర్వాత చాలా సాగింది. అయినా పరీక్షకో క్విజ్‌కో ముందు జాతి, మాతృభాష వంటి వివరాలు అడగకుండా ఉండటానికి ఖర్చేమీ లేదు. అడగాల్సివస్తే ఆఖర్న అడగండి.

ప్రొఫైల్‌లో ఎంతవరకు చెప్పాలి?

మూడు పొరలుగా ఆలోచించండి. వెతికే ఎవరికైనా కనిపించేది మొదటి పొర. అక్కడ పిలిచే పేరు, చదువుతున్న విషయం, పనిచేసే భాషలు చాలు. బృందానికి మాత్రమే కనిపించేది రెండోది. పేరు ఎలా పలకాలి, ఏ వేళల్లో అందుబాటులో ఉంటారు, ఏ రోజుల్లో ఉండరు, ఈ విషయంతో మీకున్న అనుబంధం ఏమిటి, ఇవి అక్కడ రాయవచ్చు. మూడోది మోడరేటర్‌కు (బృందం చర్చలను నడిపే వ్యక్తికి) మాత్రమే చెప్పేది: ఉపవాస దినాలు, కెమెరా పెట్టలేని కారణం, కొన్ని అంశాలపై మాట్లాడలేకపోవడం వంటివి.

మతం, కులం, వలస స్థితి, రాజకీయ అభిప్రాయం మొదటి పొరలో పెట్టేముందు ఒకటి ఆలోచించుకోండి. ఆ వాక్యాన్ని అయిదేళ్ల తర్వాత ఉద్యోగమిచ్చేవారో వీసా అధికారో చదివినా మీకు పర్వాలేదా? పర్వాలేదంటే రాయండి. సందేహంగా ఉంటే రెండో పొరకు మార్చండి. చాలా వేదికల్లో ప్రొఫైల్‌కు "అందరికీ", "కోర్సు సభ్యులకు", "ఎవరికీ కాదు" వంటి అమరికలు వేర్వేరుగా ఉంటాయి. మొదటి పోస్టు రాయకముందే వాటిని చూసుకోవడం మంచిది.

నాకు ఇవేవీ చెప్పుకోవాలని లేదు. తప్పా?

తప్పు కాదు. చెప్పకపోవడమూ ఒక ఎంపికే, దానికి సంజాయిషీ అక్కర్లేదు. "మీ సంస్కృతి గురించి ఒక పేరా రాయండి" అన్న తప్పనిసరి పరిచయం పెట్టడం మాకు సమ్మతం కాదు. ఇల్లు వదిలి వచ్చినవాళ్లు, రెండు మూడు సంస్కృతుల మధ్య పెరిగినవాళ్లు, తమ సమూహంతో విభేదించి బయటికొచ్చినవాళ్లు ఆ ప్రశ్న దగ్గర ఇబ్బంది పడతారు. దాని బదులు "ఈ విషయం గురించి మీకు ముందే తెలిసింది ఏమిటి, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే చెప్పదలిచినవాళ్లు చెబుతారు, వద్దనుకున్నవాళ్లు ఒక పుస్తకం పేరు రాసి ఊరుకుంటారు.

నా పేరును ఫారం తీసుకోవడం లేదు, తీసుకున్నా ఎవరూ సరిగ్గా పలకడం లేదు. ఏం చేయాలి?

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఫారం తీసుకోకపోతే తప్పు మీ పేరులో లేదు, ఆ ఫారం తయారీలో ఉంది. సాధారణంగా ఇవే కారణాలు.

మొదటి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి చేయడం. ఒకే పేరున్నవాళ్లు, ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, తండ్రి పేరును వాడేవాళ్లు కోట్లమంది ఉన్నారు. ఒకే పేరున్నవారికి కొన్ని వేదికలు రెండో గడిలో చుక్క పెట్టిస్తాయి, అది సర్టిఫికెట్ మీదా అచ్చవుతుంది. సర్టిఫికెట్ తీసుకునేముందే దిద్దించుకోండి.

"అక్షరాలు మాత్రమే" అన్న తనిఖీ. యూనికోడ్‌లో (అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పట్టికలో) తెలుగు గుణింతపు గుర్తులు "అక్షరం" వర్గంలో ఉండవు, "గుర్తు" అనే వేరే వర్గంలో ఉంటాయి. తనిఖీ రాసినవాళ్లు అక్షర వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే గుణింతం ఉన్న ప్రతి పేరూ తిరస్కారానికి గురవుతుంది. దీర్ఘాలు లేని పేరు వెళ్లిపోతుంది కదా అనుకోవద్దు, పొల్లు గుర్తు కూడా ఆ రెండో వర్గంలోదే. మోడరేటర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు ఈ కారణం రాస్తే సాంకేతిక బృందానికి ఎక్కడ దిద్దాలో వెంటనే తెలుస్తుంది.

పొడవు పరిమితిని బైట్లలో లెక్కించడం. యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి 1 బైటు చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు సంకేతాలే) 3 బైట్లు పడతాయి. 30 బైట్ల గడిలో తెలుగు సంకేతాలు పదే పడతాయి, మిగతా పేరు తెగిపోతుంది. సమాచారం భద్రపరిచే మైఎస్‌క్యూఎల్ సాఫ్ట్‌వేర్‌లో "యూటీఎఫ్8" అన్న పాత అమరిక 3 బైట్లు దాటిన సంకేతాలను భద్రపరచలేదు. అందువల్ల చాలా ఇమోజీలు, కొన్ని అరుదైన లిపులు పోతాయి. "యూటీఎఫ్8ఎంబీ4"కు మారితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక పలకడం సంగతి. ప్రొఫైల్‌లో అయిదు నుంచి పది సెకన్ల ఆడియో పెట్టండి: మామూలు వేగంతో ఒకసారి, విడివిడిగా ఒకసారి. వీడియో సమావేశంలో కనిపించే పేరును మీ లిపిలో, పక్కనే అందరూ చదవగల లిపిలో రాయండి. రెండూ కనిపించాలంటే మొత్తం పాతిక సంకేతాలు దాటకుండా చూసుకోండి, చిన్న తెరమీద చివర తెగిపోతుంది. ఎవరైనా తప్పు పలికితే అప్పుడే, ఒక్క వాక్యంలో సరిచేయండి. మూడు వారాలు ఊరుకుని ఆ తర్వాత చెబితే ఇద్దరికీ ఇబ్బందే. పొట్టి పేరు పెట్టి పిలవడానికి మీకు ఇష్టం లేకపోతే, "నా పూర్తి పేరుతోనే పిలవండి" అని చెప్పడం మర్యాదకు భంగం కాదు.

బృందంలో నా భాషలో రాయొచ్చా?

రాయొచ్చు. కాకపోతే ఎక్కడ, ఎలా అన్నది ముందే ఒప్పుకోవాలి. బాగా నడిచే పద్ధతి ఇది: ఆలోచనలు పోగేసే దశలో, చిత్తుప్రతి దశలో ఎవరి భాష వారిది. అందరూ కలిసి నిర్ణయం తీసుకునే దశలో ఉమ్మడి భాష. ఒకే భాష తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆ భాషలో చర్చించుకుంటే, ముగిశాక రెండు మూడు వాక్యాల సారాంశాన్ని ఉమ్మడి భాషలో ప్రధాన థ్రెడ్‌లో పెట్టాలి. సారాంశం లేకపోతే మిగతావాళ్లకు తమను పక్కన పెట్టారనిపిస్తుంది. అనుమానం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

యంత్రానువాదం వాడితే మూలాన్ని తీసేయకండి. పైన మూలం, కింద అనువాదం ఉంచండి. యంత్రం తప్పే చోట్లు ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. గౌరవ స్థాయి పోతుంది: ఆంగ్లం నుంచి వచ్చిన వాక్యంలో "మీరు" ఉండాల్సినచోట "నువ్వు" వస్తుంది, చదివినవారు చిన్నబుచ్చుకుంటారు. స్త్రీ పురుష భేదం లేని సర్వనామానికి యంత్రమే లింగం అంటగడుతుంది. సామెత అక్షరాలా మారి అర్థం కోల్పోతుంది. మనుషుల పేర్లు మామూలు మాటలుగా అనువాదమైపోతాయి. కాబట్టి అనువాదంలో కటువుగా కనబడిన వాక్యానికి జవాబివ్వకముందు మూలం రాసినవారిని "ఇలా అర్థమైంది, సరేనా?" అని అడగడం బృందంలో అలవాటు కావాలి. రాసేవారు వాక్యానికి ఒకే విషయం పెట్టి, కర్తను వదలకుండా రాస్తే సగం తప్పులు రావు.

పదకోశం ఒకటి ఉమ్మడి డాక్యుమెంట్‌గా నడపండి. పాఠంలోని పారిభాషిక పదం, దానికి ఒక్కో భాషలో మాట, ఒక వాక్యంలో ఉదాహరణ, అంతే మూడు నిలువు వరుసలు. ఇది చదువుకు నేరుగా పనికొస్తుంది, ఏ భాషా రెండో రకం కాదని మాటల్లేకుండా చెబుతుంది కూడా.

నేను తిన్నగా "కాదు" అనలేను. అవతలివాళ్లు ముఖం మీదే అనేస్తారు. ఎలా పనిచేయాలి?

కొన్నిచోట్ల అర్థంలో ఎక్కువ భాగం సందర్భంలో, సంబంధంలో, చెప్పకుండా వదిలిన దానిలో ఉంటుందనీ, కొన్నిచోట్ల మాటల్లోనే ఉంటుందనీ ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరించారు. ముఖాముఖిలో కనుబొమ్మ కదిలినా విషయం తెలుస్తుంది. రాతలో ఆ ఆధారాలన్నీ పోతాయి. అందువల్ల సందర్భం మీద ఆధారపడేవాళ్లే ఆన్‌లైన్‌లో ఎక్కువ నష్టపోతారు. "చూద్దాం" అని మీరు కాదన్న అర్థంతో రాస్తే, అవతలివారు అవునని చదువుకుని పని మొదలుపెట్టేస్తారు.

ఎవరి స్వభావాన్నీ మార్చనక్కర్లేదు, అభిప్రాయం చెప్పే నమూనాను ఉమ్మడిగా పెట్టుకుంటే చాలు. నాలుగు గడులు: ఏ పేరా గురించి, నాకు అర్థమైంది ఏమిటి, నేనైతే ఏం మారుస్తాను, ఇది తప్పనిసరా సూచన మాత్రమేనా. నాలుగో గడి చాలా ముఖ్యం. మృదువుగా రాసేవారి అభ్యంతరం గాలికి పోకుండా అది కాపాడుతుంది, సూటిగా రాసేవారి మాటలోని కరుకుదనాన్నీ తగ్గిస్తుంది. నిర్ణయాలకు "మౌనం అంగీకారం" అన్న నియమం పెట్టకండి. 48 గంటల్లో ప్రతి ఒక్కరూ "సరే", "సరే కానీ", "వద్దు" లలో ఒకటి నొక్కాలి. "వద్దు" నొక్కినవారు కారణాన్ని ఏకాంతంగా మోడరేటర్‌కు చెప్పే వీలుండాలి.

ఒక జాగ్రత్త. దేశాలవారీ సాంస్కృతిక అంకెలు చూపించి "వాళ్లు ఇలాగే ఉంటారు" అనేవాళ్లు కనిపిస్తారు. ఆ అంకెల్లో ప్రసిద్ధమైనవి గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1980లో ప్రచురించినవి. 1967-1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులు వాటికి మూలం. అవి దేశాల సగటుల పోలిక. ఎదుటి మనిషి స్వభావాన్ని వాటినుంచి చదవకూడదని హోఫ్‌స్టెడ్ కూడా హెచ్చరించారు.

సమావేశంలో నాకు మాట్లాడే సందు దొరకదు. నిశ్శబ్దంగా ఉంటే ఆసక్తి లేదనుకుంటున్నారు.

ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయనీ, మాట్లాడేవారి సంఖ్యా పెరుగుతుందనీ మేరీ బడ్ రో 1970ల్లో తన పరిశీలనల్లో కనుగొన్నారు. వీడియోలో ధ్వని ఆలస్యం, మ్యూట్ తీసే సమయం, రెండో భాషలో వాక్యం కూర్చుకునే సమయం కలుస్తాయి కాబట్టి ఎనిమిది పది సెకన్లు ఆగమని మా సలహా.

ప్రశ్న వేశాక రెండు నిమిషాలు అందరూ చాట్‌లో రాసుకోవాలి, పంపకూడదు. సంకేతం ఇవ్వగానే ఒకేసారి పంపాలి. ఇలా చేస్తే మొదట మాట్లాడినవారి అభిప్రాయమే అందరిదీ అయిపోదు. తర్వాత ఒక్కొక్కరికీ వరసగా నిమిషం చొప్పున ఇవ్వాలి, "ఈసారికి వదిలేస్తాను" అనే హక్కుతో. హాజరు మార్కులు మాట్లాడినదానికే ఇస్తే రాసేవారికి అన్యాయం. డాక్యుమెంట్‌లో చేసిన మార్పులు, సమావేశం తర్వాత 24 గంటల్లోపు పెట్టిన వ్యాఖ్యలు కూడా లెక్కలోకి రావాలి.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, జాతుల మధ్య ఉద్రిక్తత ఉన్న తరగతి గదుల కోసం ఎలియట్ ఆరన్‌సన్ రూపొందించిన జిగ్‌సా పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. పాఠాన్ని అయిదారు ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లు వేరే బృందాల్లోంచి కలిసి దాన్ని చర్చించుకుని, తిరిగి సొంత బృందానికి నేర్పుతారు. ఆ ముక్క సొంత బృందంలో ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి ఎవరి యాస ఎలా ఉన్నా అందరూ వినాల్సిందే. చేసే తప్పల్లా ముక్కలు చర్చించుకునే దశకు సమయం తగ్గించడం. దానికి కనీసం ఇరవై నిమిషాలివ్వండి.

తేదీలు, గడువులు, పండుగలు ఎలా సర్దుకోవాలి?

తేదీని 2025-04-03 లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి. ఐఎస్‌ఓ 8601 ప్రమాణం అదే. 03/04 అంటే కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. సమయానికి యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం) రాసి, పక్కన ఎవరి వేళ వారికి చూపించే లింకు ఇవ్వండి. యూటీసీతో గంటల తేడా ఎప్పుడూ పూర్ణ సంఖ్య అనుకోవద్దు: భారత్‌కు 5 గంటల 30 నిమిషాలు, నేపాల్‌కు 5 గంటల 45 నిమిషాలు. అమెరికాలో వేసవి వేళ (గడియారాన్ని గంట ముందుకు జరపడం) మార్చి రెండో ఆదివారం మొదలవుతుంది, ఐరోపా సమాఖ్యలో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు మామూలు తేడా గంట జరిగి ఉంటుంది, సమావేశాలు తప్పిపోయేది అప్పుడే. "శుక్రవారం అర్ధరాత్రి" అని గడువు పెట్టకండి, అది గురువారం రాత్రి ముగింపో శుక్రవారం రాత్రి ముగింపో తెలియదు. 23:59 యూటీసీ అనండి.

వారాంతం అందరికీ శని, ఆదివారాలు కాదు. కొన్ని దేశాల్లో శుక్ర, శనివారాలు. మొదటి వారంలోనే ఖాళీ క్యాలెండర్ పెట్టి, "ఈ రోజుల్లో అందుబాటులో ఉండను" అని కారణం చెప్పకుండా గుర్తుపెట్టే వీలివ్వండి. కారణం అడిగితే భక్తికి రుజువు అడిగినట్టవుతుంది. చంద్రదర్శనంపై ఆధారపడే పండుగలు ఒక రోజు అటూఇటూ కావచ్చు కాబట్టి అటువంటి తేదీకి ముందూ వెనకా ఒక్కో రోజు వదలండి. అందరికీ అనువైన వేళ దొరక్కపోతే అసౌకర్యాన్ని వంతులవారీగా పంచుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి లేచేది ఎప్పుడూ ఒకే మనిషి కాకూడదు.

ఏ ప్రస్తావన వచ్చినా "మీ వాళ్లు ఏమంటారు?" అని నన్నే అడుగుతున్నారు.

ఇది అలసట పుట్టిస్తుంది. అడిగేవారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు, కానీ జవాబు చెప్పే భారం ఎప్పుడూ ఒక్కరి మీదే పడుతోంది. మూడు రకాలుగా స్పందించవచ్చు. "నా అనుభవం చెప్పగలను, అందరి తరఫునా కాదు" అని చెప్పి మీ మాట చెప్పండి. లేదా "దీనిమీద మంచి వ్యాసాలున్నాయి, చదివాక మాట్లాడుకుందాం" అనండి. లేదా "ఈరోజు ఈ పాత్ర నాకు వద్దు" అనండి. మూడోదానికీ మొదటిదానికున్నంత విలువ ఉంది.

మోడరేటర్లు చేయాల్సింది ఒకటుంది: అదే ప్రశ్నను అందరికీ వేయండి. మెజారిటీ సంస్కృతి నుంచి వచ్చినవాళ్లు తమకు సంస్కృతి ఉందనే గమనించరు, తమది "మామూలు" అనుకుంటారు. "మీ దగ్గర ఇది ఎలా చేస్తారు, అలాగే ఎందుకు?" అని వారినీ అడిగినప్పుడు చర్చ నిజంగా అందరిదీ అవుతుంది. జట్లు వేసేటప్పుడు ఒక నేపథ్యం నుంచి ఒక్కరినే ఒక్కో జట్టులో చల్లకండి. వైవిధ్యం సమానంగా పంచినట్టు కనిపించినా, ప్రతి జట్టులోనూ ఒకరు ఒంటరవుతారు. నలుగురైదుగురి జట్టులో ఇద్దరు ఉండేలా వేయండి, అది కుదరకపోతే ఆ మనిషినే అడిగి వేయండి.

కెమెరా, దుస్తులు, ఇమోజీలు?

కెమెరా తప్పనిసరి చేయకండి. ఇల్లు, ఇంట్లో మనుషులు, గోడమీది పటం అందరికీ చూపించడం ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సిన విషయం. కృత్రిమ నేపథ్యం వాడితే తలపాగా, ముసుగు, గుబురు జుట్టు అంచులు కొన్నిసార్లు చెరిగిపోతాయి. ముఖం మీద ముందునుంచి వెలుతురు, వెనక ఒకే రంగు గోడ ఉంటే ఇది తగ్గుతుంది.

చర్మఛాయ ఇమోజీలు 2015లో యూనికోడ్ 8.0తో వచ్చాయి, చర్మపు రకాలను వర్గీకరించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం ఆధారంగా అయిదు ఛాయలు. వాడటం, పసుపు రంగులో వదిలేయడం వ్యక్తిగతం. దేశాల జెండాలు విండోస్‌లో చాలాచోట్ల జెండాగా కాక రెండు అక్షరాలుగా కనిపిస్తాయి, కాబట్టి జెండాను మాత్రమే గుర్తుగా వాడకండి. భాషకు గుర్తుగా జెండా అసలే వద్దు, భాషకూ దేశానికీ సరిహద్దులు ఒకటి కావు. బొటనవేలు పైకెత్తిన గుర్తు కొన్నిచోట్ల అవమానం, అందుకే ఓటింగ్‌కు మాటలు వాడటం మేలు.

మా సముదాయపు సంప్రదాయ జ్ఞానాన్ని ప్రాజెక్టులో పెట్టవచ్చా?

మీకు తెలిసినదంతా మీరొక్కరే ఇచ్చేయగలిగింది కాకపోవచ్చు. ఆదివాసీ ప్రజల హక్కులపై 2007 ఐక్యరాజ్యసమితి ప్రకటన 31వ అధికరణం సాంస్కృతిక వారసత్వంపై, సంప్రదాయ జ్ఞానంపై వారి హక్కును గుర్తిస్తుంది. పెట్టేముందు చూసుకోండి: ఇది అందరిముందూ చెప్పేదేనా, కొందరికో కొన్ని కాలాలకో పరిమితమా? దీన్ని నేర్పినవారికి ఇంటర్నెట్‌లో పెడుతున్నామని చెప్పామా? వేదిక ఏ లైసెన్సు అడుగుతోంది? ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వెనక్కి తీసుకోలేనివి. మీరు తర్వాత పేజీ తొలగించినా, అప్పటికే తీసుకున్నవారికి వాడే హక్కు మిగులుతుంది. "ఆపాదన" (పేరు చెబితే చాలు అనే) రకంలో వాణిజ్య వాడకానికీ అనుమతి ఉంటుంది. సందేహం ఉంటే ప్రక్రియను వర్ణించి, అసలు పాఠాన్నో పాటనో రికార్డింగునో పెట్టకుండా ఆపండి. పెట్టినప్పుడు ఎవరి దగ్గర, ఏ ప్రాంతంలో నేర్చుకున్నదో, వారు ఒప్పుకుంటేనే, రాయండి.

ఎవరో నొప్పించే మాట అన్నారు. ఏ వరసలో స్పందించాలి?

మొదట ఆ మాట ఉన్న పోస్టు లింకు, స్క్రీన్‌షాట్ భద్రపరచండి, తర్వాత అది మార్చబడవచ్చు. బెదిరింపో, పదేపదే చేసినదో అయితే నేరుగా మోడరేటర్ దగ్గరికి వెళ్లండి, మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఒక్కసారి దొర్లిన మాట అయితే, మీకు ఓపిక ఉంటే, ఆ మనిషికి విడిగా రాయండి: మాటను ఉన్నదున్నట్టు ఉటంకించండి, అది మీకు ఏమి చేసిందో చెప్పండి, ఏం కావాలో అడగండి.

మాట అన్నవారికి: "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెట్టకండి. ఉద్దేశం నిజమే కావచ్చు, కానీ ముందు క్షమాపణ, దిద్దుబాటు రావాలి. పోస్టును తొలగిస్తే కింద ఉన్న జవాబులు అర్థం లేకుండా వేలాడతాయి. దిద్ది, "దిద్దాను" అని గుర్తు పెట్టడం మంచిది. ఎందుకు తప్పో వివరించమని నొచ్చుకున్నవారినే అడగకండి. మోడరేటర్ 24 గంటల్లోపు కనీసం "చూశాం" అని జవాబివ్వాలి. చాలా బృందాలు ఇక్కడే ఓడిపోతాయి: తీర్పు సరిగ్గానే ఇస్తాయి, కానీ వారం ఆలస్యంగా. ఈలోపు ఆ సభ్యులు వెళ్లిపోయి ఉంటారు.

కోర్సు ముగిశాక నేను రాసినవన్నీ ఏమవుతాయి?

వేదికను బట్టి ఉంటుంది, చేరేముందే నియమాల్లో భద్రపరిచే కాలం ఎంతో చూడండి. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 9వ అధికరణం జాతి మూలం, మత విశ్వాసం, రాజకీయ అభిప్రాయం వంటి వాటిని ప్రత్యేక రక్షణ గల సమాచారంగా చూస్తుంది. 17వ అధికరణం కొన్ని పరిస్థితుల్లో తొలగింపు కోరే హక్కునిస్తుంది. ముగింపు వారంలో ముందు మీ పోస్టులన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత పేరు ఆడియోనూ రెండో పొర వివరాలనూ తీసేయండి, ఆ తర్వాతే ఖాతా మూయమని రాయండి. ఖాతా ముందే మూస్తే మీ రాతల్ని మీరే తీసుకోలేరు. ఇతరులు తమ జవాబుల్లో ఉటంకించిన మీ వాక్యాలు, ఉమ్మడి డాక్యుమెంట్ పాత ప్రతులు, సభ్యులు దాచుకున్న సమావేశపు రికార్డింగులు ఖాతాతోపాటు పోవు. వాటి గురించి మోడరేటర్‌ను లింకులతో సహా విడిగా అడగాలి.